నాలుగంగుళాలు కోయిస్తే ఏమైతది సార్?

పోయిన నెల ఈ శీర్షికలో ఇంట్లో పడి ఉన్న పాత తుపాకుల గురించి నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఉత్తరాలే ఉత్తరాలు. పోలీసు పటేల్ చేసిన తాత బందూకు, మామగారి దోనాలి (రెండు గొట్టాల తుపాకీ), అటక మీద గుడ్డలో చుట్టి పెట్టింది, ఇట్లా నల్లగొండ నుంచి గద్వాల దాకా ఎక్కడెక్కడివో సంగతులన్నీ వచ్చాయి. తమాషా ఏమిటంటే సగానికి పైగా అడిగింది గొట్టం గురించే. కోయొచ్చా, అరగదీయొచ్చా, మెరుగు పెట్టించొచ్చా అని. నేను చాలా ఏళ్లు ఆయుధాగారంలో తుపాకులు విప్పి బిగించే పని చేసినవాణ్ని కాబట్టి తెలిసినంత చెబుతాను. ఉత్తరాలను కాస్త కుదించాను, పేర్లు వేయడం లేదు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. ఎనిమిదెకరాల బత్తాయి తోట. పంట రక్షణ కోసమని మా నాయన పేరు మీద డీబీబీఎల్ తుపాకీ, అంటే దోనాలి ఉంది, లైసెన్సు నడుస్తనే ఉంది. నాయనకు 73 ఏళ్లు. గొట్టాలు 30 అంగుళాలు. రాత్రిపూట తోటలో తిరుగుతుంటే కొమ్మలకు తట్టుకుంటది. పైగా ఎడమ గొట్టం చివర కొద్దిగా ఉబ్బినట్టు కనిపిస్తది. లేత్ మిషన్ పెట్టుకున్న అన్న ఒకాయన, నాలుగంగుళాలు కోసి మంచిగ ఫినిషింగ్ చేసి సాయంత్రానికల్లా ఇస్త అంటుండు. ఉబ్బూ పోతది, బరువూ తగ్గుతది కదా. చేయించమంటారా?

వద్దు. కోయించక ముందే రాశారు, బతికిపోయారు.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఆయుధాల చట్టం, 1959లో ఆరో సెక్షన్ అచ్చంగా దీని గురించే ఉంది. తుపాకీ గొట్టం పొట్టి చేయాలంటే దానికి విడిగా లైసెన్సు ఉండాలి. మీ నాయన దగ్గరున్నది తుపాకీ ఉంచుకునే లైసెన్సు, దాంతో ఈ పని చేయడానికి వీల్లేదు. నాలుగంగుళాలా, అరంగుళమా అని ఆ సెక్షన్ కొలతలు పెట్టుకోలేదు. ఆ లైసెన్సు లేకుండా కోస్తే 25వ సెక్షన్ కింద శిక్ష. 2019 సవరణ తర్వాత అది తక్కువలో తక్కువ 7 ఏళ్లు, ఎక్కువైతే యావజ్జీవం, జరిమానా అదనం. లేత్ అన్నను కూడా హెచ్చరించండి, లైసెన్సు లేకుండా తుపాకీ రిపేరు చేయడం ఐదో సెక్షన్‌కు విరుద్ధం, శిక్ష కూడా ఇంతే. నున్నటి గొట్టం తుపాకీ 20 అంగుళాల కన్నా పొట్టిదైతే ఏకంగా మామూలు లైసెన్సు వర్తించని ఆయుధాల వర్గంలోకి పోతుంది. మాది 26 దగ్గరే ఆగుతుంది కదా సార్ అంటారేమో, 26 అయినా ఆరో సెక్షన్ ఆరో సెక్షనే.

ఇక పనితనం సంగతి. లేత్ అన్నకు తుపాకీ గొట్టం బోరుబావి పైపులాగే కనిపిస్తుంది, ఎక్కడ కోసినా ఒకటే అనుకుంటాడు. 12 బోరు అనే సైజు తుపాకీ గొట్టం లోపలి వ్యాసం దాదాపు 18.5 మిల్లీమీటర్లు. పాత స్టీలు చారాణా బిళ్ల 19 మిల్లీమీటర్లు, అది లోపలికి దూరదు, అంత. ఈ కొలత గొట్టం పొడుగునా ఒకేలా వచ్చి, మూతి దగ్గర చివరి రెండు మూడు అంగుళాల్లో కొంచెం సన్నబడుతుంది. దాన్నే చోక్ అంటారు. పూర్తి చోక్ అంటే ఎంత సన్నమనుకున్నారు? మహా అయితే ఒక మిల్లీమీటరు, ఏటీఎం కార్డు మందం కన్నా కాస్త ఎక్కువ. ఆ ఒక్క మిల్లీమీటరే ఛర్రాలను, అంటే తూటాలోని చిన్న గుండ్లను, దగ్గరగా పట్టి పంపుతుంది. 40 గజాల దూరంలో 30 అంగుళాల గుండ్రం గీసి కాలిస్తే, పూర్తి చోక్ ఉన్న గొట్టం నూటికి 70 ఛర్రాలను ఆ గుండ్రంలో పడేస్తుంది, చోక్ లేని గొట్టం 40 మాత్రమే. సాధారణంగా దోనాలిలో కుడి గొట్టం వదులుగా, ఎడమది బిగువుగా ఉంటుంది, దగ్గరి దానికి ముందు ట్రిగ్గరు, దూరపు దానికి వెనక ట్రిగ్గరు అని. నాలుగంగుళాలు కోస్తే రెండు చోకులూ కోత ముక్కల్లోనే వెళ్లిపోతాయి. మిగిలేవి రెండు పైపులు, వాటికి ట్రిగ్గర్లు మాత్రం రెండు.

అంతటితో అయిపోదు. రెండు గొట్టాలూ సమాంతరంగా ఉన్నట్టు కంటికి కనిపిస్తాయి గానీ ఉండవు. తూటా పెట్టే వైపు ఎడంగా, మూతి వైపు దగ్గరగా ఉంటాయి, రెండు గొట్టాల దెబ్బా ఒక్కచోటే తగలాలని చేసినవాడు ఎంతో ఓపికగా అమర్చి పెడతాడు. ఆ అమరికను పట్టి ఉంచేవి గొట్టాల మధ్య పైనా కిందా ఉండే రెండు పట్టీలు, రిబ్బులంటాం, వాటిని టంకంతో అతికిస్తారు. రిబ్బుల మధ్య బోలుగా ఉంటుంది, ఆ బోలు మూతి దగ్గర మూసి ఉంటుంది. చివర కోస్తే అది తెరుచుకుంటుంది. వానా మంచూ లోపలికి పోయి, మీకు కనపడని చోట, మీ గుడ్డా నూనే చేరని చోట, తుప్పు మొదలవుతుంది. పైన ఎంత అద్దంలా ఫినిషింగ్ ఇచ్చినా లోపల గొట్టం బయటి గోడను అది తింటూనే ఉంటుంది.

ఈ టంకం ఎంత సున్నితమో నాకు ఒక దెబ్బ తగిలాకే తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత దోనాలికి మూతి మీద గురి చూసే ఇత్తడి పూస ఊడిపోయింది. పెద్దాయన భోజనానికి వెళ్లాడు కదా, వచ్చేలోగా నేనే అతికించేద్దాం అనుకుని బ్లో ల్యాంపు పట్టాను. పూస అతుక్కుంది. ఆ సంతోషంలో ఉండగానే పక్కన రిబ్బు అంచు వెంట వెండి దారంలా సన్నటి గీత కదిలింది, చూస్తుండగానే చెమట బొట్టులా ఒక చుక్క కిందికి జారింది. టంకం కరిగిందన్నమాట. నాలుగు వేళ్ల పొడుగున రిబ్బు లేచింది. పెద్దాయన వచ్చి ఒక్క మాట అనలేదు, గొట్టాలను కొక్కెం దగ్గర వేలికి తగిలించి వేలాడదీసి చెక్క పిడితో మెల్లగా తట్టాడు. పక్కన మంచి తుపాకీ గొట్టాలు తీసి అట్లాగే తట్టాడు. మంచివి గుడి గంటలా చాలాసేపు మోగాయి. నేను కాల్చినవి పగిలిన కుండలా ‘దబ్’ అన్నాయి. రిబ్బులు గట్టిగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఇప్పటికీ ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. మీరూ గొట్టాలు విడదీసి తట్టి చూడండి, దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

అసలు భయపడాల్సింది ఆ ఉబ్బు గురించి. ఆ తుపాకీ ఇక పేల్చొద్దు, రెండో గొట్టం బాగానే ఉంది కదా అని కూడా వద్దు. గొట్టం ఊరికే ఉబ్బదు. తూటా పేలినప్పుడు దారిలో ఏదో అడ్డం ఉంది. బురదలో మూతి ఆనించడం ఒక కారణం, తుడిచిన గుడ్డ ముక్క లోపలే ఉండిపోవడం ఇంకొకటి, మన దగ్గర మాత్రం నేను ఎక్కువగా చూసింది మట్టి గూడు కట్టే కందిరీగ. నెల రోజులు మూలకు నిలబెట్టిన తుపాకీ దానికి కట్టి ఇచ్చిన ఇల్లు లాంటిది, చక్కగా మట్టి తెచ్చి గూడు పెడుతుంది. ఎవరూ లోపలికి చూడరు, పందుల చప్పుడు వినగానే తూటా వేసి పేలుస్తారు. అదృష్టం ఉంటే ఉబ్బుతుంది, లేకపోతే చీలుతుంది, చీలే చోట ఎడమ చెయ్యి ఉండొచ్చు. గొట్టాలు విడదీసి కిటికీ వైపు పట్టి లోపలికి చూడండి. వెలుతురు గుండ్రాలు గుండ్రాలుగా సాఫీగా కనిపించాలి, ఎక్కడైనా ఉంగరంలా నల్లటి నీడ అడ్డం వస్తే అక్కడ ఉబ్బు ఉంది. నీడ ఒక పక్కకే అర్ధచంద్రంలా ఉంటే అది సొట్ట. సొట్టను సాధారణంగా సరిచేయొచ్చు. ఉబ్బు దగ్గర ఇనుము సాగి పల్చబడి ఉంటుంది, గోడ ఎంత మిగిలిందో గేజీ పెట్టి కొలిస్తే తప్ప ఎవరూ భరోసా ఇవ్వలేరు. అర మిల్లీమీటరుకు దిగిందంటే ఆ గొట్టాలకు దండం పెట్టి పక్కన పెట్టడమే.

కాబట్టి లైసెన్సున్న రిపేరు షాపుకే తీసుకెళ్లండి, చాలామంది హైదరాబాద్ పోతారు. వెళ్లే ముందు లైసెన్సులో ఏ ఏరియా వరకు చెల్లుతుందని రాసి ఉందో చూసుకోండి. నాయన అంత దూరం రాలేకపోతే, రిపేరు కోసం మీరు ఒక్కరే తీసుకెళ్లడానికి మూడో సెక్షన్ ఒప్పుకుంటుంది, కాకపోతే ఆయన రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ కాగితం, అసలు లైసెన్సు, రెండూ జేబులో ఉండాలి. తుపాకీ విడదీసి సంచిలో, తూటాలు ఇంట్లో.

కొమ్మల సంగతి మర్చిపోలేదు. చీకట్లో బత్తాయి కొమ్మల కింద నిండిన తుపాకీ భుజాన వేసుకుని తిరగడం చూస్తేనే నాకు టెన్షన్, పొడుగు తగ్గిస్తే ఆ ప్రమాదం పోదు, కొమ్మ గొట్టానికి కాకపోతే ట్రిగ్గరుకు తగులుతుంది. తూటాలు తీసేసి, తుపాకీని మధ్యలో కీలు దగ్గర విరిచి తెరిచి, ముంజేతి మీద వేసుకుని నడవండి. గొట్టాలు నేల వైపు వేలాడతాయి, దేనికీ తట్టుకోవు, పక్కవాడికి కూడా తుపాకీ ఖాళీ అని కనపడుతుంది. అడవిపందిని కాల్చడానికి అటవీ శాఖ అనుమతి ఉండాలన్నది మీకు తెలిసే ఉంటుంది, పంట రక్షణ లైసెన్సు ఉన్నంత మాత్రాన వేట లైసెన్సు ఉన్నట్టు కాదు.

ఇంకొక్కటి. నాయనకు 70 దాటాయి కాబట్టి ఆయన బతికుండగానే వారసుల్లో ఒకరి పేరు చెప్పి లైసెన్సు మార్పించుకునే వీలు 2016 ఆయుధాల నియమాల్లో ఉంది. 25 ఏళ్లుగా ఆయన దగ్గరే ఉన్న తుపాకీ అయినా సరే. ఆ దరఖాస్తు ఇప్పుడే పెట్టుకోండి, తర్వాత తిరగాల్సిన ఆఫీసులు సగం తగ్గుతాయి.

ఎలక్షన్ కోడ్ వచ్చిందని తుపాకీ స్టేషన్‌లో పెట్టాం. తిరిగి వచ్చేసరికి గొట్టాల మీద ఎర్రగా తుప్పు. పాలిష్ పట్టే షాపులో బఫింగ్ చేయించి, బండి సైలెన్సర్‌కు వేసినట్టు క్రోమ్ వేయించమని మా అల్లుడు అంటున్నాడు. ఇది కోయడం కాదు కదా, చట్టం అడ్డం రాదు కదా? – వనపర్తి నుంచి ఒక రైతు

అడ్డం వస్తుంది, వేరే దారిలో. మీ తుపాకీ గొట్టాల కింద, తూటా పెట్టే వైపు, ఒక నంబరు కొట్టి ఉంటుంది, దాని పక్కన చిన్న చిన్న ముద్రలు కూడా ఉంటాయి. నంబరు లైసెన్సులో ఉన్నదే, ముద్రలు ఆ గొట్టం పరీక్షకు తట్టుకుందని చెప్పేవి. బఫింగ్ చక్రం కింద పెడితే పది నిమిషాల్లో అవి మసకబారతాయి, ఇంకో పది నిమిషాల్లో పోతాయి. తుపాకీ మీది గుర్తులు చెరపడం ఎనిమిదో సెక్షన్ కింద నేరం. నేను చెరపలేదు, పాలిష్ పట్టించాను అంతే అని మీరంటారు, రెన్యువల్‌కు తెచ్చినప్పుడు నంబరు కనపడకపోతే అవతల కూర్చున్న ఆఫీసరు ఏమంటాడో ఊహించుకోండి. పైగా బఫింగ్ తుప్పును ఒక్కదాన్నే తియ్యదు, ఇనుమును కూడా తీస్తుంది, మూతి అంచులు కొవ్వొత్తిలా గుండ్రంగా అవుతాయి.

తుప్పు కొత్తదైతే మీరే తీయొచ్చు. అన్నింటికన్నా సన్నటి స్టీల్ ఊల్ దొరుకుతుంది, నాలుగు సున్నాల నంబరు. కుట్టు మిషన్ నూనెలో తడిపి గొట్టం పొడుగునా మెత్తగా రుద్దండి, ఎర్రటి బురద వస్తుంది, తుడిచి మళ్లీ. ఎమరీ కాగితం దగ్గరికి రానీయొద్దు. ఎరుపు పోయి ముదురు గోధుమ రంగు మిగిలితే దాన్ని వదిలేయండి, ఏళ్ల మీద వచ్చిన ఆ రంగు తుపాకీకి శత్రువు కాదు. లోపల ఇత్తడి బ్రష్షు, తర్వాత నూనె గుడ్డ, తర్వాత పొడి గుడ్డ.

మళ్లీ నల్లగా నిగనిగలాడాలనే అనుకుంటే అది బ్లూయింగ్ పని, లైసెన్సున్న మిస్త్రీ చేయాల్సింది. అప్పుడు కూడా ఒక మాట అడిగి చూడండి: ఏ పద్ధతిలో చేస్తారు? మరిగే కాస్టిక్ ఉప్పు తొట్టిలో ముంచుతాం, గంటలో అయిపోతుంది అంటే తుపాకీ తీసుకుని వచ్చేయండి. ఒక్క గొట్టం తుపాకీకి అది ఫరవాలేదు. దోనాలికి మాత్రం ఆ కాస్టిక్ టంకాన్ని తినేస్తుంది, రిబ్బుల కింద దూరిన ఉప్పు మళ్లీ బయటికి రాదు, ఆరు నెలల తర్వాత రిబ్బు అంచుల నుంచి తెల్లగా పూస్తుంది. దోనాలికి చేయాల్సింది పాత పద్ధతి. మందు పూసి సన్నగా తుప్పు పట్టనిచ్చి, నీళ్లలో మరిగించి, ఆ ఎర్ర తుప్పు నల్లబడ్డాక బ్రష్షుతో దులిపి, మళ్లీ మందు పూసి, ఇట్లా రోజుల తరబడి నడుస్తుంది. అందుకే ఖర్చు. చేసినవాడి ఓపిక గొట్టం మీద కనపడుతుంది, వెల్వెట్ గుడ్డ మీద వెలుతురు పడ్డట్టు ఉంటుంది, అద్దంలా మెరవదు.

క్రోమ్ ఆలోచన అల్లుడి బండికే ఉంచమనండి.

ఈసారి స్టేషన్‌లో పెట్టే ముందు బయటా లోపలా నూనె పూసి ఇవ్వండి, రసీదు మీద తుపాకీ పరిస్థితి రాయించుకోండి. తోలు కవరులో పెట్టి ఇవ్వొద్దు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. కొబ్బరి నూనె కూడా వద్దు, పాలమూరులో చాలా ఇళ్లలో అదే రాస్తారు. అది ఎండి జిగురై తుపాకీ లోపల ట్రిగ్గరు తాళం భాగాల్లో గడ్డకడుతుంది, విప్పినప్పుడల్లా బెల్లం పాకం గోకినట్టే ఉండేది మాకు.

అచ్చంపేట దగ్గర ఉంటాం. మా మామగారు పోయి మూడు నెలలైంది. ఆయన తుపాకీ ఇంట్లోనే ఉంది. బీరువాలో పట్టడం లేదని, గొట్టం కోయిస్తే లోపల పెట్టి తాళం వేయొచ్చని మా మరిది అంటున్నాడు. పిల్లలు తిరిగే ఇల్లు, నాకు భయంగా ఉంది.

మీ భయం న్యాయమైనదేనమ్మా. బీరువా సమస్య రెండు నిమిషాలది. దోనాలిని కోయక్కర్లేదు, విప్పితే చాలు. గొట్టాల కింద ఉన్న చిన్న చెక్కను లాగితే ఊడొస్తుంది, మీట తిప్పి విరిస్తే గొట్టాలు ఒక ముక్క, వెనక చెక్క ఒక ముక్క. ఎవరి పేరున లైసెన్సు ఉందో వాళ్లు ఇట్లా విప్పే దాచుకోవాలి, తూటాలు వేరే చోట.

మీ విషయంలో అయితే బీరువా ప్రశ్నే రాకూడదు. లైసెన్సున్న మనిషి పోయాక ఆ తుపాకీ ఇంట్లో ఉండటానికి ఆధారం లేదు. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. మూడు నెలలు ఇప్పటికే ఎక్కువ. రేపే మీ వారు మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పట్టుకుని వెళ్లి అప్పగించమనండి. ఉంచుకోవాలనుకుంటే తర్వాత వారసుడిగా కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీది అమ్రాబాద్ అడవి పక్కన కాబట్టి ఇంకో మెలిక కూడా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. కాస్త సమయం పడుతుంది. ఆ లోపు తుపాకీ స్టేషన్‌లో ఉంటే మీరు నిద్రపోవచ్చు. మరిదికి మొదటి ఉత్తరానికి నేను రాసిన జవాబు చదివి వినిపించండి.

పాత ఇల్లు కూలగొడుతుంటే అటక మీద దోనాలి దొరికింది. గొట్టాలు ఎప్పుడో ఎవరో కోసినట్టున్నారు, టేపు పెడితే 16 అంగుళాలే. కాగితాలు ఏమీ లేవు. మూతి వంకరగా ఉంది, కనీసం సాపు చేయించి గోడకు అలంకారంగా పెట్టుకోవచ్చా? – గద్వాల వైపు నుంచి

సాపు చేయించొద్దు, గోడకు పెట్టొద్దు, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు. జూరాలలో పారేద్దామనే ఆలోచన వస్తే అది అన్నింటికన్నా చెడ్డది. 16 అంగుళాలంటే పైన చెప్పిన వర్గం, కలెక్టర్ ఇచ్చే మామూలు లైసెన్సు దానికి వర్తించదు. మీరు కోయలేదు, మీకు దొరికింది, ఆ తేడా మీరు వెంటనే చెప్పినప్పుడే నిలబడుతుంది, ఆరు నెలలు దాచుకుని చెబితే నిలబడదు. ఒక లాయర్‌ను వెంటపెట్టుకుని స్టేషన్‌కు వెళ్లి ఇంటి కూల్చివేతలో ఫలానా రోజు ఫలానా చోట దొరికిందని రాతపూర్వకంగా ఇవ్వండి, కూలీల్లో చూసినవాళ్లుంటే వాళ్ల పేర్లు కూడా. తుపాకీని మోసుకుని బస్సెక్కకండి, ముందు కబురు పెట్టండి, వాళ్లే వచ్చి తీసుకెళ్లడం మంచిది.

వంకర మూతి చూస్తే నాకు కథ అర్థమవుతోంది, హ్యాక్‌సా బ్లేడుతో రాత్రిపూట కోసిన కోత అది. ఎందుకు కోశారో ఆ కాలం వాళ్లకే తెలియాలి.

మా తుపాకీలో శక్తిమాన్ తూటాలు పెడితే మూత బాగానే పడుతోంది. తూటా మీద 70 అని ఉంది, గొట్టం మీద 65 అని కొట్టి ఉంది. మూత పడుతోంది కాబట్టి ఇబ్బంది లేనట్టే కదా? – మిర్యాలగూడ

మూత పడటమే ఇక్కడ మోసం. తూటా మీద రాసిన 70 మిల్లీమీటర్లు పేలిన తర్వాతి పొడుగు. పేలక ముందు దాని మూతి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉండి గొట్టం వెనక తూటా పెట్టే 65 మిల్లీమీటర్ల గదిలో హాయిగా కూర్చుంటుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు చాలదు, గది దాటి గొట్టం సన్నబడే చోట అడ్డం పడుతుంది, ఒత్తిడి పెరిగిపోతుంది. పాత గొట్టానికి ఇది మంచిది కాదు. 65వి అడిగి కొనుక్కోండి. గొట్టం మీద పాము చర్మంలా, అలలు అలలుగా గీతలు కనిపిస్తే మాత్రం ఆ సైజు తూటాలు కూడా వద్దు. అది డమాస్కస్ గొట్టం, ఇనుమూ ఉక్కూ పట్టీలు మెలిపెట్టి చుట్టి చేసింది, నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కాలం నాటిది.

తూటాల డబ్బా ఒకసారి బోర్లించి చూడండి, అందులో సన్నటివి, 20 బోరువి, కలిసి ఉన్నాయేమో. పెద్దల ఇళ్లలో రెండు తుపాకులు ఉండి ఒకటి అమ్మేసిన చోట ఇది మామూలే. 20 బోరు తూటా 12 బోరు గొట్టంలో వేస్తే జారి లోపల ఒకచోట ఇరుక్కుంటుంది, వెనక నుంచి చూస్తే గది ఖాళీగానే కనిపిస్తుంది. వేయలేదేమో అనుకుని దాని వెనక 12 బోరు తూటా పెట్టి పేల్చిన గొట్టం ఒకటి మా దగ్గరికి వచ్చింది. అరటి తొక్క ఒలిచినట్టు విచ్చుకుని ఉంది. సన్నటివి ఒక్కటి దొరికినా డబ్బా మొత్తం డీలర్‌కు చూపించి వేరు చేయించండి.